జీవకణంలో ఆర్.ఎన్.ఏ. : యల్లాప్రగడ సుబ్బారావు అడుగుజాడలు మూడు

డి.ఎన్.ఏ. పేరు వినని వారు నేడు అరుదు. న్యాయస్థానాల నుంచి సినిమా కథల దాకా ఆ మూడక్షరాలు పాకిపోయాయి. దాని తోబుట్టువైన ఆర్.ఎన్.ఏ. మాత్రం చాలాకాలం పండితుల పుస్తకాలలోనే ఉండిపోయింది. 2020 చివరలో కోవిడ్ టీకాలు వచ్చినప్పుడు ఆ పేరు ఒక్కసారిగా ప్రతి ఇంటి నట్టింటికీ వచ్చింది. "ఇదేమిటి? ఒంట్లోకి ఎక్కిస్తే మన జన్యువులు మారిపోవు గదా?" అని పెద్దలు సందేహించారు. పిల్లలు బడిలో చదువుకున్న నాలుగు మాటలు ఇంగ్లీషులో అప్పగించారు. ఇద్దరి మధ్యా తెలుగులో ఒక వివరణ కొరవడింది. ఆ లోటును కొంతవరకైనా తీర్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆర్.ఎన్.ఏ. గురించి చెప్పడానికి తెలుగువారికి దగ్గరి దారి ఒకటి ఉంది. అది 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, 1948 ఆగస్టులో న్యూయార్కు ప్రాంతంలో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం మీదుగా పోతుంది. ఆయన ఆర్.ఎన్.ఏ. పరిశోధకుడు కారు. జీవకణంలో ఆర్.ఎన్.ఏ. చేసే పనులు చాలావరకు ఆయన మరణానంతరమే బయటపడ్డాయి. అయినా ఆయన చేపట్టిన మూడు పనులు ఈ అణువును మూడు చోట్ల స్పృశించాయి. మొదటిది దాని ముడిసరుకును, రెండవది దానికీ డి.ఎన్.ఏ.కూ ఉన్న తేడాను, మూడవది అది పనిచేసే కర్మాగారాన్ని. ఈ మూడు అడుగుజాడలను వెంబడించి వెళదాం.

భాస్వరపు గొలుసు

ఆర్.ఎన్.ఏ. అంటే రైబో న్యూక్లియిక్ ఆమ్లం. ఇది పొడవాటి గొలుసు. ఇందులో ప్రతి కడియానికీ మూడు భాగాలు ఉంటాయి: రైబోజ్ అనే చక్కెర, ఒక ఫాస్ఫేటు, ఒక క్షారం. చక్కెర, ఫాస్ఫేటు, మళ్ళీ చక్కెర, మళ్ళీ ఫాస్ఫేటు, ఈ వరసలో వెన్నెముక ఏర్పడుతుంది. క్షారాలు దానికి పక్కలకు వేలాడుతూ ఉంటాయి. ఈ క్షారాలు నాలుగే రకాలు: అడెనిన్, గ్వానిన్, సైటొసిన్, యురాసిల్. జీవభాషకు ఈ నాలుగే అక్షరాలు.

1920లలో హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే, సుబ్బారావు గారలు కలిసి రక్తంలోనూ కండరాలలోనూ ఉండే భాస్వరాన్ని కొలిచే తేలికైన పద్ధతిని రూపొందించారు. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే ద్రావణం అంత చిక్కటి నీలంగా మారుతుంది. ఆ రంగును బట్టి పరిమాణం తెలుస్తుంది. 1925లో ప్రకటించిన ఈ పద్ధతి తరతరాల జీవరసాయన విద్యార్థులకు మొదటి పాఠమైంది. ఆర్.ఎన్.ఏ. గొలుసులో కడియానికొక భాస్వర పరమాణువు ఉంటుంది కాబట్టి, భాస్వరాన్ని కొలవగలిగితే గొలుసు పరిమాణాన్నీ లెక్కగట్టవచ్చు.

అదే పద్ధతి చేతిలో ఉండగా కండరాల సారంలో ఫిస్కే, సుబ్బారావు గారలకు ఎ.టి.పి. అనే పదార్థం కనబడింది. 1929లో వారు దానిని ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నాడు. ఒక అడెనిన్, ఒక రైబోజ్ చక్కెర, వరసగా మూడు ఫాస్ఫేట్లు, ఇదే ఎ.టి.పి. స్వరూపం. కండరం ముడుచుకోవడం మొదలు నాడి స్పందించడం వరకు జీవకణంలో ఖర్చయ్యే శక్తికి ఇది చెల్లుబడి నాణెం అని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. అవి అంతగా నొక్కి చెప్పని విషయం మరొకటి ఉంది. ఎ.టి.పి. ఆర్.ఎన్.ఏ. గొలుసుకు ముడిసరుకు కూడా. జన్యువు నుంచి నకలు తీసే ఎంజైము అడెనిన్ అక్షరం కావలసిన ప్రతిచోటా ఒక ఎ.టి.పి.ని తీసుకుని, రెండు ఫాస్ఫేట్లను విడిచిపెట్టి, మిగిలిన భాగాన్ని గొలుసుకు అతికిస్తుంది. మిగతా మూడు అక్షరాలకూ ఇలాంటి త్రిఫాస్ఫేట్లే ఉన్నాయి. భీమవరం బిడ్డడు కండరంలో చూసినది జీవభాషలోని తొలి అక్షరాన్నే అని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

తోబుట్టువుల మధ్య తేడా

డి.ఎన్.ఏ.కూ ఆర్.ఎన్.ఏ.కూ ముఖ్యమైన తేడాలు మూడు.

మొదటిది, డి.ఎన్.ఏ. సాధారణంగా రెండు పేటలు, ఆర్.ఎన్.ఏ. ఎక్కువగా ఒంటిపేట. ఒంటిపేట గనుక తన మీద తానే మడతపడి, అనుకూలమైన అక్షరాలు ఎదురైన చోట జతకట్టి, ముడులుగా, మెలికలుగా, రకరకాల ఆకారాలు దాల్చగలదు. ఆకారం ఉన్నది గనుకనే అది పని చేయగలదు.

రెండవది, ఆర్.ఎన్.ఏ.లోని రైబోజ్ చక్కెరలో ఒక ఆక్సిజన్ పరమాణువు అదనంగా ఉంటుంది. చూడటానికి స్వల్పమే గాని ఇది గొలుసును తెంపడానికి తోడ్పడుతుంది. కాబట్టి ఆర్.ఎన్.ఏ. అల్పాయుష్షు కలది. సూక్ష్మక్రిములలో ఒక సందేశం కొన్ని నిమిషాలే నిలుస్తుంది. మన కణాలలో అయితే సాధారణంగా కొన్ని గంటలు. ఇది లోపం కాదు. పని ముగిసిన ఉత్తరువు చెరిగిపోకపోతే కొత్త ఉత్తరువుకు చోటు ఉండదు.

మూడవది, డి.ఎన్.ఏ.లో థైమిన్ ఉన్నచోట ఆర్.ఎన్.ఏ.లో యురాసిల్ ఉంటుంది. ఈ రెంటికీ ఉన్న భేదమల్లా ఒక కర్బన పరమాణువు, దానికి అంటుకున్న మూడు ఉదజని పరమాణువులు. దీనిని మిథైల్ తోక అందాం. అంతమాత్రానికి రెండు వేర్వేరు అక్షరాలు ఎందుకు? సైటొసిన్ అప్పుడప్పుడు తనంతట తానే చెడిపోయి యురాసిల్‌గా మారుతుంది. డి.ఎన్.ఏ.లో సహజంగా యురాసిల్ లేదు కాబట్టి, అక్కడ అది కనబడితే తప్పేనని తెలుసుకుని మరమ్మతు ఎంజైములు తొలగిస్తాయి. తరతరాలు నిలవవలసిన మూలప్రతికి ఈ జాగ్రత్త అవసరం. నాలుగు గంటలలో నశించే నకలుకు అక్కరలేదు.

ఈ మిథైల్ తోకను తగిలించే పనిలోనే సుబ్బారావు గారి రెండవ అడుగుజాడ ఉంది. తోకను అందించేది ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ నుంచి తయారయ్యే పదార్థం. అది లేనిదే థైమిన్ లేదు; థైమిన్ లేనిదే కొత్త డి.ఎన్.ఏ. లేదు, డి.ఎన్.ఏ. లేనిదే కణం రెండు కాలేదు. యువకుడుగా ఉండగా సుబ్బారావు గారి సోదరులు స్ప్రూ అనే గ్రహణి వ్యాధికి బలయ్యారు. తరువాత లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమ తయారీని ప్రకటించింది. స్ప్రూ రోగులకు ఉపశమనం కలిగించిన మందులలో అది ఒకటి అయింది.

విటమిన్‌ను తయారు చేయగలిగినవారు దానికి ప్రతిరూపాన్నీ తయారు చేయగలరు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు, రక్తపు క్యాన్సరు పిల్లలకు ఫోలిక్ ఆమ్ల పదార్థాలు ఇచ్చినప్పుడు రోగం మరింత ముదురుతున్నట్లు గమనించాడు. అయితే దానిని అడ్డగిస్తే రోగం వెనుకకు తగ్గవచ్చును గదా! సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అమైనోప్టెరిన్‌ను 1947 చివరలో ఆయన ప్రయోగించాడు. 1948లో ప్రకటించిన ఫలితాలలో 16 మంది పిల్లలలో 10 మందికి రోగం తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. ఆ పిల్లలు తరువాత దక్కలేదు. అయినా మందుతో రక్తపు క్యాన్సరును తగ్గించవచ్చునని వైద్యలోకానికి తెలిసింది ఆ పదిమంది వలననే. ఆ మందుకు సోదరి వంటి మెథొట్రెక్సేట్ నేటికీ చికిత్సలో ఉంది.

ప్రవాసంలో ఉన్న మన కుటుంబాలకు ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గర్భం దాల్చిన తొలి వారాలలో, తల్లికి ఆ సంగతి తెలియకముందే, శిశువు వెన్నుపాము రూపుదిద్దుకుంటుంది. అప్పుడు ఫోలిక్ ఆమ్లం కొరవడితే వెన్నుపాము, మెదడు లోపాలు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది. అమెరికాలో 1998 నుంచి ఎన్‌రిచ్డ్ అని ముద్రవేసిన పిండి, రొట్టె, బియ్యం వంటి వాటిలో దీనిని తప్పనిసరిగా కలుపుతున్నారు. కాని మన ఇండియా దుకాణంలో కొనే బస్తా బియ్యానికీ, గోధుమ పిండికీ ఆ ముద్ర ఉన్నదో లేదో చూసుకోవాలి. బిడ్డలను కనే వయసులోని స్త్రీలు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలని అమెరికా ఆరోగ్య శాఖ సిఫార్సు. వైద్యులను అడిగి పాటించదగిన విషయం ఇది.

దూత : ప్రక్షిప్తాలను తొలగించిన ప్రతి

ఆర్.ఎన్.ఏ. పనులలో ప్రసిద్ధమైనది దూత కార్యం. దీనిని పందొమ్మిదవ శతాబ్దంలో కడపలో సి.పి. బ్రౌన్ నడిపిన పనితో పోల్చవచ్చు. ఆయన పండితులను నియమించి తాళపత్రాలకు నకళ్ళు తీయించాడు. మూలం పెట్టెలో భద్రంగా ఉంటుంది. చేతులు మారేది నకలు. జీవకణంలో మూలగ్రంథం డి.ఎన్.ఏ. అది కేంద్రకం దాటి రాదు. కావలసిన జన్యువుకు మాత్రం ఆర్.ఎన్.ఏ. నకలు తయారై వెలుపలికి వస్తుంది. ఇటువంటి దూత ఒకటి ఉన్నదని 1961లో ప్రయోగపూర్వకంగా రుజువైంది.

బ్రౌన్ పండితులు ప్రతులను పోల్చి చూసి ప్రక్షిప్త పద్యాలను ఏరివేసినట్లే, మన కణాలు కూడా నకలును సంస్కరిస్తాయి. జన్యువులో అర్థవంతమైన భాగాల నడుమ, ప్రోటీన్ తయారీకి పనికిరాని భాగాలు ఉంటాయని 1977లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు కనుగొన్నాయి. ఈ నడిమి భాగాలను ఇంట్రాన్లు అంటారు. వాటిని కత్తిరించి మిగిలినవి అతికించే యంత్రంలో కూడా చిన్న ఆర్.ఎన్.ఏ.లే ప్రధాన పాత్ర వహిస్తాయి.

ఈ కత్తిరింపులో పొరపాటు జరిగితే ఏమవుతుంది? రక్తంలోని హీమోగ్లోబిన్‌లో ఒక భాగమైన బీటా గ్లోబిన్ జన్యువులో రెండు ఇంట్రాన్లు ఉన్నాయి. మొదటి ఇంట్రాన్‌లో అయిదవ అక్షరం ఒక్కటి, గ్వానిన్‌కు బదులు సైటొసిన్‌గా మారితే, కత్తెర తప్పుచోట పడుతుంది. సరైన సందేశం చాలా కొద్దిగా తయారవుతుంది. భారతీయులలో బీటా తలసీమియాకు అత్యధికంగా కారణమయ్యేది ఈ ఒక్క అక్షరపు మార్పే. ప్రోటీన్‌లో ఎన్నడూ కనబడని, కత్తిరించి పారవేసే భాగంలోని అక్షరం అది! తల్లి, తండ్రి ఇద్దరిలోనూ చెరొక దోషజన్యువు ఉన్నా వారు ఆరోగ్యంగానే కనిపిస్తారు. వారి బిడ్డకు తీవ్రమైన వ్యాధి వచ్చే అవకాశం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒకటి. అటువంటి బిడ్డకు చిన్ననాటి నుంచీ రక్తం ఎక్కిస్తూ ఉండవలసి వస్తుంది. సంబంధం కుదుర్చుకునే ముందు జాతకాలతో పాటు ఒక రక్తపరీక్ష ఫలితం కూడా చూసుకుంటే ఎవరి గౌరవమూ తగ్గదు.

వాహకం : మూడక్షరాల మాట

దూత తెచ్చిన సందేశాన్ని మూడేసి అక్షరాలుగా చదవాలి. నాలుగు అక్షరాలతో మూడక్షరాల మాటలు 64 ఏర్పడతాయి. వీటిలో 61 మాటలు ఇరవై అమైనో ఆమ్లాలను సూచిస్తాయి. మిగిలిన మూడు మాటలు వాక్యం ముగిసిందని చెప్పే పూర్ణవిరామాలు. "కడవ పలక అరక" అన్న మూడు మాటలలో ఒక్క 'డ' జారిపోతే, మూడేసిగా చదివేవారికి "కవప లకఅ రక" అని వినిపిస్తుంది. జన్యువులో ఒక్క అక్షరం లోపిస్తే తరువాతి అర్థమంతా ఇలాగే చెడిపోతుంది.

ఈ నిఘంటువులో మొదటి పదాన్ని 1961లో మార్షల్ నిరెన్‌బర్గ్, హైన్రిక్ మథాయి విప్పారు. ఒక్క యురాసిల్ అక్షరంతోనే తయారైన ఆర్.ఎన్.ఏ.ను ఇస్తే ఫినైల్ అలనిన్ అనే ఒకే అమైనో ఆమ్లపు గొలుసు వచ్చింది. పంజాబులో పుట్టిన హర్‌గోవింద్ ఖొరానా కావలసిన వరసలో అక్షరాలను రసాయనికంగా పేర్చి మిగతా పదాలకు అర్థం తేల్చడంలో గొప్ప పాత్ర వహించాడు.

మాటకూ అర్థానికీ ముడివేసేది వాహక ఆర్.ఎన్.ఏ. దీని పొడవు ఎనభై అక్షరాలకు అటూ ఇటూ. ఒక కొసన అమైనో ఆమ్లాన్ని మోస్తుంది. మరొక కొసన ఉన్న మూడక్షరాలతో దూతలోని మాటను గుర్తుపడుతుంది. రాబర్ట్ హోలీ 1965లో ఇటువంటి అణువు ఒకదాని అక్షర క్రమాన్ని మొట్టమొదట పూర్తిగా చదివాడు. 1968లో హోలీ, ఖొరానా, నిరెన్‌బర్గ్‌లకు నోబెల్ బహుమతి లభించింది.

కర్మాగారం : రైబోసోమ్

దూత, వాహకం కలుసుకునే చోటు రైబోసోమ్. కణంలోని ఆర్.ఎన్.ఏ.లో సుమారు ఎనభై శాతం ఇక్కడే ఉంటుంది. మిల్లీమీటరులో దాదాపు 40,000వ వంతు ఉండే ఈ కర్మాగారం, సూక్ష్మక్రిములలో సెకనుకు పదిహేను ఇరవై అమైనో ఆమ్లాలను కూర్చగలదు. ఇందులో రెండు ముక్కలు ఉన్నాయి. చిన్న ముక్క సందేశాన్ని చదువుతుంది. పెద్ద ముక్క అమైనో ఆమ్లాలను అతుకుతుంది.

అతికే పనిని ప్రోటీన్లే చేస్తాయని చాలాకాలం అనుకున్నారు. ఎంజైమంటే ప్రోటీనే అన్న నమ్మకాన్ని 1980లలో థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్ కదిలించారు. ఆర్.ఎన్.ఏ. తానే రసాయన చర్యను నడపగలదని వారు చూపారు. 2000లో రైబోసోమ్ నిర్మాణం పరమాణువుల స్థాయిలో బయటపడినప్పుడు, అతుకు పడే చోట ఉన్నది ఆర్.ఎన్.ఏ.యేనని తేలింది. ప్రోటీన్లను తయారుచేసేది ప్రోటీన్ కాదు. జీవం తొలినాళ్ళలో సమాచారాన్ని దాచడం, పని చేయడం రెండూ ఆర్.ఎన్.ఏ.యే నిర్వహించి ఉండవచ్చునన్న ఊహకు ఇది పెద్ద ఆధారం. ఈ నిర్మాణ పరిశోధనకు 2009లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ ఒకరు. మిగతా ఇద్దరు థామస్ స్టైట్జ్, అదా యోనాత్.

సుబ్బారావు గారి మూడవ అడుగుజాడ ఇక్కడే ఉంది. ఆయన పరిశోధనలను నడిపిస్తున్న కాలంలోనే, లెడర్లీలో వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మిస్సోరి మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశాడు. 1948లో లోకానికి వెల్లడైన ఈ మందు టెట్రాసైక్లిన్ కుటుంబానికి పెద్దక్క. సూరత్‌లో 1994లో ప్లేగు భయం వ్యాపించినప్పుడు జనం చేతుల్లోకి వచ్చిన గొట్టాలు ఈ కుటుంబానివే. అది క్రిములను ఎలా అణచుతుంది? దానికి జవాబు చిత్రంలో చూపినవారిలో రామకృష్ణన్ బృందం ఒకటి. మందు అణువు క్రిమి రైబోసోమ్ చిన్న ముక్కలోని ఆర్.ఎన్.ఏ.కు అంటుకుని, వాహక ఆర్.ఎన్.ఏ. వచ్చి కూర్చోవలసిన పీటకు అడ్డుపడుతుంది. ప్రోటీన్ల తయారీ ఆగిపోయి క్రిమి ఎదగలేదు. భీమవరం వ్యక్తి నడిపించిన ప్రయోగశాలలో దొరికిన మందు ఎక్కడ కూర్చుంటుందో, యాభై యేళ్ళ తరువాత చిదంబరం వ్యక్తి ప్రయోగశాల చూపగలిగింది.

క్రిములు కూడా ఊరుకోలేదు. మందును బయటికి తోసివేసే ఉపాయాలు, రైబోసోమ్ నుంచి దానిని ఊడబెరికే ప్రోటీన్లు సంపాదించుకున్నాయి. జలుబుకు వైరస్ కారణం. వైరస్‌కు సొంత రైబోసోమ్ లేదు, కనుక ఈ మందుకు అక్కడ పని లేదు. సెలవులకు వెళ్ళి వచ్చేటప్పుడు సంచీలో గొట్టాలు తెచ్చుకుని ప్రతి జలుబుకూ మింగే అలవాటు మనలో చాలామందికి ఉంది. దానివలన జలుబు తగ్గదు. క్రిములకు మాత్రం ఆరితేరే అవకాశం దొరుకుతుంది.

చిన్నవాటి పెద్దరికం

గత మూడు దశాబ్దాలలో మరికొన్ని వింతలు బయటపడ్డాయి. ఇరవై రెండు అక్షరాలు మాత్రమే ఉండే చిట్టి ఆర్.ఎన్.ఏ.లు దూతలకు అంటుకుని వాటి నోరు మూయిస్తాయి. ఒక చిన్న పురుగులో 1993లో వీటిని కనుగొన్న విక్టర్ ఆంబ్రోస్, గేరీ రువ్‌కున్‌లకు 2024లో నోబెల్ వచ్చింది.

ఇక మొదట్లో చెప్పిన టీకా సంగతి. బయటి నుంచి ఆర్.ఎన్.ఏ. ఎక్కిస్తే శరీరం దానిని శత్రువుగా భావించి మండిపడుతుంది. యురాసిల్ ఉన్న కడియాన్ని కొద్దిగా మార్చితే ఈ మంట తగ్గుతుందని కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ 2005లో చూపారు. ఆ సూత్రంపై తయారైన కోవిడ్ టీకాలలో ఉన్నది వైరస్ పైముల్లును తయారు చేయించే దూత మాత్రమే. కేంద్రకం వెలుపల రైబోసోమ్ దానిని చదువుతుంది. కొద్దిరోజులలో అది శిథిలమవుతుంది. పెట్టెలోని మూలగ్రంథాన్ని అది తాకదు. పెద్దల సందేహానికి ఇదే సమాధానం. ఆ ఇద్దరు శాస్త్రజ్ఞులకు 2023లో నోబెల్ అందింది.

సుబ్బారావు గారికి నోబెల్ రాలేదని మన సభలలో తరచు వాపోతూ ఉంటాం. ఆయన తన పేరును వెనుక ఉంచి తోటివారిని ముందుకు నెట్టిన మనిషి అని దగ్గరివారు చెప్పుకున్నారు. ఆర్.ఎన్.ఏ. స్వభావం కూడా అటువంటిదే. మూలగ్రంథమనే కీర్తి డి.ఎన్.ఏ.కు, ఫలమనే కీర్తి ప్రోటీన్‌కు వదలి, నడుమ పని అంతా తాను చేస్తుంది. వచ్చే వేసవిలో మన పిల్లలను భీమవరం తీసుకువెళ్ళినప్పుడు, "ఈ ఊరివాడొకాయన కండరంలో భాస్వరం కొలుస్తూ కొలుస్తూ జీవభాషలో ఒక అక్షరాన్ని చూశాడు" అని తెలుగులోనే చెప్పగలిగితే చాలు.